5,60,52,361కి ఎవరూ లేరట

సిరిసిల్ల బంధు కార్యాలయంలో కిటికీ ముందు సుగుణ గంటన్నరగా నిలబడి ఉంది. ఆమె కొంగు పట్టుకుని ఆరేళ్ల మిన్ను. వరదలో తల్లిదండ్రులు పోయిన ఆ పిల్లను మూడేళ్లుగా సాకుతున్నది సుగుణే. ఒంటిగంటకు అనాథాశ్రమం బండి వస్తుంది. ఈలోగా బంధుత్వం తేలకపోతే పిల్లను తీసుకుపోతారు.

నలభై ఏళ్లుగా ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పేది బంధుమాపకం అనే యంత్రం. పుట్టగానే రక్తపు చుక్క నుంచి జన్మసంఖ్య తీస్తుంది. ఒకటి కాక మరే సంఖ్యయినా ఇద్దరి జన్మసంఖ్యలనూ శేషం లేకుండా భాగిస్తే వాళ్లు చుట్టాలు. సుగుణది దేనికీ తెగని ప్రధాన సంఖ్య అని, ఆమెకు నా అన్నవాళ్లే లేరని ముప్పై ఎనిమిదేళ్ల కిందటే రాసేశారు. పురిటిబిడ్డను అంత మాట అనడానికి నోరెలా వచ్చిందో!

"మళ్ల చూసిన అక్కా," అన్నాడు గుమాస్తా గంగాధర్. "ఐదుసార్లు పరీక్ష పెట్టిన. ప్రధాన సంఖ్యే అంటున్నది."

"ఏం పరీక్ష తమ్మీ?"

"ఏదో ఒక అంకె తీసుకుని, నీ సంఖ్య ఎంతుంటే అన్నిసార్లు దాన్ని దానితోనే గుణించి, నీ సంఖ్యతోనే భాగిస్తది. మొదలు తీసుకున్న అంకే మిగలాలె. మిగిలింది."

"నా సంఖ్యను భాగించి చూసినవా మరి?"

గంగాధర్ ఆమెను ఎగాదిగా చూశాడు. చేత్తో లెక్క చేసేవాళ్లు ఇంకా ఉన్నారా?

సుగుణ ఉంది. నేతపని మనిషి, పోగులు లెక్కగట్టే చెయ్యి. ఇక్కడికి రాకముందే మూడు రోజులు మగ్గం ఆపి తన సంఖ్యను రెండుతో, మూడుతో, ఐదుతో, ఏడుతో వరసగా భాగిస్తూ పోయింది. నలభై ఏడోసారి, 211 దగ్గర, శేషం సున్నా వచ్చింది; మిగిలినదాన్నీ అలాగే తెంపింది.

"211, 421, 631. గుణించు. నీ చేత్తోనే."

గంగాధర్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి సరిగ్గా ఆమె జన్మసంఖ్యే వచ్చింది. 5,60,52,361! ప్రధాన సంఖ్యలా నటించి ప్రతి పరీక్షనూ దాటేసే మాయదారి సంఖ్య అది. అలాంటివి బహు అరుదని మాపకం చేసినవాళ్లు పట్టించుకోలేదు.

ఆ మూడు సంఖ్యలూ ఎక్కించగానే తెర మీద పందొమ్మిది మంది పేర్లు వచ్చాయి. జగిత్యాలలో ఒక చెల్లెలు కూడా ఉందట. సుగుణ తెర దగ్గరికి వంగింది. మళ్లీ మళ్లీ చదివింది. మిన్ను పేరు లేదు.

"పిల్ల సంఖ్యను ఈ మూడింట్ల ఏదీ భాగిస్తలేదక్కా," అన్నాడు గంగాధర్ నెమ్మదిగా. "బండి వచ్చింది."

సుగుణకు ఒళ్లు మండిపోయింది. "నాకు ఎవ్వరు లేరన్నది గీ యంత్రమే గదా? చెల్లె ఉన్నదని తెల్వకుంట ఇన్నేండ్లు ఒక్కదాన్నే బతికిన. గిప్పుడు ఈ పిల్ల నాది కాదంటే ఎట్ల నమ్మాలె? నమ్మను పో!" మిన్నును చంకనెత్తుకుంది. "జరమొస్తే పక్కన కూసున్నది నేను. నీ మాపకం కాదు."

"నేను మీట నొక్కాలె అక్కా. తలుపులు మూతపడతయి."

"నొక్కు."

ఆమె నడిచింది. గంగాధర్ చెయ్యి మీట దాకా వెళ్లి ఆగిపోయింది. సుగుణ గడప దాటుతుండగా అతను కిటికీలోంచి సగం బయటికి వంగాడు.

"అక్కా! నాది గూడ ప్రధాన సంఖ్యే అన్నరు. ఎట్ల భాగిస్తరో జర చూపెట్టవా?"

"ముందుగాల ఆ బండిని ఎల్లగొట్టు," అంది సుగుణ, ఆగకుండానే.

గంగాధర్ కుర్చీ వెనక్కి నెట్టి బయటికి పరుగెత్తాడు.