కెల్ అంటే ఊట కాదు

"నా పేరు కెల్. అంటే ఊట. నేలలోంచి ఉబికే చల్లటి నీళ్ళు," అన్నాడతను గర్వంగా.

మార్స్టాల్ అనే రేవు ఊళ్ళో, పుట్టుకలు నమోదు చేసే చర్చి ఆఫీసులో అతని జనన పత్రం రాస్తున్న గుమాస్తా అమ్మాయి మెరెటె తలెత్తలేదు. "కాదండీ. గిన్నె."

"ఏమిటీ?"

"వంటగిన్నె. పాత భాషలో కెటిల్ అనేవారు. అదే అరిగి అరిగి కెల్ అయింది. ఊట అని చెప్పినవాళ్ళెవరో గాని, మీ ముచ్చట బాగా తీర్చారు."

ఓడ ఉద్యోగానికి అతనికి కావలసింది ఆ పత్రం ఒక్కటే. అయినా ఆ వారంలో మరో మూడుసార్లు వచ్చాడు. ఒకసారి అక్షరం తప్పుందన్నాడు. లేదు. ఇంకోసారి గొడుగు మరిచిపోయానన్నాడు. అసలు తేనేలేదు. చివరిసారి సాకేమీ లేకుండా వచ్చి, మొహం మీది వాన తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రేపే ప్రయాణం. ఎనిమిది నెలలు. నువ్వు... ఎదురుచూస్తావా?"

మెరెటె గాభరాపడింది. అది దాచుకోబోయి నోటికొచ్చింది అనేసింది. "గిన్నె కోసం ఎవరైనా ఎదురుచూస్తారా?"

అతను నవ్వబోయి, నవ్వలేక, తలూపి వెళ్ళిపోయాడు.

ఉత్తరం రాలేదు. అతనింటికి వెళ్ళి చిరునామా అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. రోజూ మధ్యాహ్నం నల్లరొట్టె ముక్క చేత్తో పట్టుకుని, తినడం మరిచిపోయి, కిటికీలోంచి రేవు వైపు చూస్తూ ఉండిపోయేది.

మే నెలలో పక్క వీధి ఊల్లా పసిబిడ్డతో వచ్చింది. "వీడి పేరు కెల్ అని రాయి."

మెరెటె కలం ఆగిపోయింది.

"మా ఆయన కోరిక. వీడు పుట్టిన వారం ఆయన ఓడలో జ్వరంతో పడుంటే, ఆ పేరుగల మన ఊరి అబ్బాయే ఆయన డ్యూటీ కూడా చేశాడట. ఇంతకీ ఆ పేరుకి అర్థమేమిటి?"

"గిన్నె," అంది మెరెటె మెల్లగా. "పూర్వం పండగనాడు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరేవారట. అది లేని ఇల్లు..." మాట పూర్తి చేయకుండా కిటికీలోంచి రేవు వైపు చూసింది.

ఊల్లా ఆమెను తేరిపార చూసింది. "శుక్రవారం ఫెర్రీ పడవలో మా ఆయనా, ఆ అబ్బాయీ ఇద్దరూ వస్తున్నారు. నువ్వూ నాతో రా."

శుక్రవారం ఫెర్రీ దిగిన కెల్, మెరెటెను చూసి ఆగిపోయాడు. "పత్రంలో తప్పేమైనా దొర్లిందా?"

"పత్రంలో కాదు, నా మాటలో. ఆ రోజు భయమేసి అలా అన్నాను. ఎనిమిది నెలలూ ఎదురుచూశాను, కెల్."

అతను చేతిలోని సంచి కింద పెట్టాడు. "ముప్ఫయి రోజుల్లో మళ్ళీ వెళ్ళిపోవాలి," అన్నాడు గొంతు తగ్గించి.

"తెలుసు. అప్పుడూ ఎదురుచూస్తాను."

అతని సంచికి రెండో పిడి ఆమె పట్టుకుంది. ఇద్దరూ ఊళ్ళోకి నడిచారు, ఎంత నెమ్మదిగా నడవగలరో అంత నెమ్మదిగా.