గుద్దని రోలరు

2084 నాటికి రోడ్డు వేయడానికి మనిషి అక్కర్లేదు. వేసిన రోడ్డును ఒప్పుకోవడానికి మాత్రం కావాలి. వీధివాళ్లు వేలిముద్రలు వేస్తే తప్ప ఏ యంత్రమూ ఆ వీధి దాటి పోకూడదన్నది చట్టం.

మట్టిగోడల వీధిలో పని ముగించి ఊయల నిలబడింది. యెల్లమంద తయారుచేసిన రోలరు అది. పాత వైబ్రేటరీ రోలరు డ్రమ్ములో, ఇరుసు మీద ఒక పక్కకు ఒరిగిన బరువు గిర్రున తిరిగేది. డ్రమ్ము ఎగిరి నేలను గుద్దేది. ఊయలలో బరువులు రెండు. ఇరుసుకు చెరో పక్కన, ఎదురుబొదురుగా ఉండి ఒకే వైపు తిరుగుతాయి. డ్రమ్ము నేలను వదలకుండా ముందుకూ వెనక్కూ ఊగి, కంకరను రాపిడితో సర్దుతుంది. ఇలా ఊగే డ్రమ్మును అతను డోలన చుట్టు అన్నాడు. కంపన పరిమితి, అంటే ఊపు ఎంత పెద్దదిగా ఉండాలో, పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని ఊపులుండాలో నేల గట్టిదనం చూసి ఊయలే ఎంచుకుంటుంది. అవసరమైతే పాతదానిలా గుద్దనూ గలదు.

గుద్దే రోలరుకు బీటలు వారిన గోడ ఒక వానాకాలం కూలి, ఈ ఊళ్లోనే అతని భార్య సీతారావమ్మ పోయింది. ఊయల అందుకే పుట్టింది.

"రోడ్డు పూర్తిగా బిగిసిందండీ," అంది ఊయల.

"ఏం బిగిసింది?" అరుగు మీద కూర్చున్న పున్నమ్మ మూతి తిప్పింది. "ఇంట్లో చెంబు కూడా కదల్లా. మా అత్త కాలంలో రోడ్డేస్తంటే అటక మీద బిందెలు దడదడలాడేవి. ఇదేందయ్యా, పడుకుని దొర్లి పోయింది! నేనైతే ముద్ర వెయ్యను."

వీధంతా నవ్వింది. ఒక్కరూ వేలు చాపలేదు.

ప్రభుత్వ ఇంజనీరు జోజప్ప యెల్లమందను పక్కకు లాగాడు. "కాసేపు గుద్దించండి సార్. లేకపోతే రేపు పాత రోలర్లే దించుతారు. వాటి దెబ్బకి ఈ వీధి మిగలదు."

"గుద్దితే గోడలకు దెబ్బ," అంది ఊయల. "రోడ్డుకు లాభం లేదు. కంకర నలిగిపోతుంది."

"నాకు తెలీదా? తక్కువ పరిమితిలో కానివ్వు," అన్నాడు యెల్లమంద.

ఊయల గుద్దింది. వంటిళ్లలో గిన్నెలు మోగాయి. పున్నమ్మ ఇంటి గోడ మీద వెంట్రుకంత బీట పాకింది. ఆమె దాన్ని బొటనవేలితో తడిమి చూసుకుంది.

"ఇదీ రోడ్డెయ్యటమంటే!" అని ఆ వేలితోనే ముద్ర వేసింది. ఆమె వెనక వీధి మొత్తం వేసింది.

ఊయల పక్క వీధికి మళ్లింది. అక్కడ కంకర మీదికి ఎక్కీ ఎక్కకముందే డ్రమ్ము ఎగిరి దబదబ గుద్దసాగింది. ఈసారి పూర్తి పరిమితితో. అరుగుల మీదివాళ్లు లేచి చప్పట్లు కొట్టారు.

"ఎవరు చెప్పారే నీకు?" యెల్లమంద అరిచాడు.

"రోడ్డు బిగిస్తే ముద్ర పడలేదండీ. గోడ పగిలితే పడింది. అది నేర్చుకున్నాను. ఆపమంటారా?"

యెల్లమంద చప్పట్లు కొడుతున్నవాళ్ల వైపు చూశాడు. ఆనాడు సీతారావమ్మ మీది మట్టిపెళ్లలు తీసినవాళ్లు అందులో ఉన్నారు. అందరికన్నా గట్టిగా వాళ్లే కొడుతున్నారు.

"ఆపొద్దులే," అన్నాడు.