తెల్లకొంగ పిలిచిన గుహ

"లోపలికి వెళ్ళడం తేలికే సార్జెంట్. బయటికి ఎలా వస్తావన్నదే మేమింకా ఆలోచించలేదు," అన్నాడు మేజర్ లిండ్‌క్విస్ట్.

సార్జెంట్ హిసాషి కునిషిగె నవ్వాడు. హవాయి చెరకుతోటల్లో పుట్టి, చదువుకి హిరోషిమా వెళ్ళి, యుద్ధానికి ముందే తిరిగొచ్చి అమెరికన్ సైన్యంలో చేరినవాడు. మొహం జపనీస్, యూనిఫారం అమెరికన్. ఇంటెలిజెన్స్ వాళ్ళకి అలాంటివాడు బంగారంతో సమానం. ఆ బంగారాన్ని సొంత సెంట్రీలే శత్రువనుకుని కాల్చేస్తారని, టెంటు దాటితే చాలు, వెనకాల ఒక తెల్ల సిపాయిని కాపలా పంపేవారు.

అరుమై దీవి అంతా అప్పటికే అమెరికన్ల చేతికి వచ్చేసింది, ఒక్క సున్నపురాయి కొండ తప్ప. ఆ కొండ కడుపులో కెప్టెన్ షిగెమత్సు తన దండుతో కూర్చున్నాడు. ఎన్ని ఫిరంగులు పేల్చినా కొండ మీద దుమ్ము లేస్తోంది తప్ప ఆయన లేవడం లేదు.

"తెల్లకొంగ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. కెప్టెన్ లొంగిపోతాడట. రేపు మధ్యాహ్నం నన్ను కంపెనీతో సహా తూర్పు ద్వారం దగ్గరికి రమ్మంటున్నాడు. తన కత్తి నా చేతికే ఇస్తాడట," అన్నాడు మేజర్.

తెల్లకొంగ అసలు పేరు తమాయో. రేవులో జపాన్ ఆఫీసర్ల విందుల్లో పాటలు పాడే మనిషి. పాట అయ్యాక ఆఫీసర్లు వాగిన వాగుడంతా రహస్య రేడియోలో అమెరికన్లకి అందించేది. ఇప్పుడు ఆ దండుతోపాటు కొండ లోపలే ఉంది.

"మీరు నమ్ముతున్నారా సార్?"

"ఆవిడ మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. అదే చిక్కు. నువ్వు వెళ్ళి చూడు. మోసమైతే ఎర్ర పొగ వదులు. పొగ రాకపోతే, నూటయాభై మందితో నేను ఆ గుమ్మంలో నిలబడతాను."

పొగడబ్బా నీళ్ళసీసా అడుగున దొంగ అరలో ఉంది. తెల్లకొంగ అడిగే కోడ్ ప్రశ్న 'పీచ్ పండ్లు కాశాయా?' జవాబు 'పురుగు పట్టింది.'

పొద్దున్నే, చచ్చిపోయిన ఒక సిపాయి చిరుగుల యూనిఫారంలో, దండు నుంచి తప్పిపోయిన ఒకాజాకి అనే పేరుతో, హిసాషి పడమటి బొరియలోకి పాక్కుంటూ దిగాడు. లోపల మొదటి చెయ్యి అతని మెడ మీద పడింది. రెండోది నీళ్ళసీసా మీద.

"ఇక్కడ ఎవడి నీళ్ళు వాడివి కావురా," అన్నాడు కాపలావాడు. సీసాని పీపాలోకి వొంపి, ఖాళీ సీసాల గుట్ట మీదికి గిరాటేశాడు. గుట్ట పక్కన బాయ్‌నెట్ పట్టుకుని ఇంకొకడు నిలబడ్డాడు. గుట్టలో సీసాలన్నీ ఒకేలా ఉన్నాయి. నీళ్ళు లేని గుహలోకి నీళ్ళసీసాలో రహస్యం దాచి పంపిన మేధావులని తలుచుకుని హిసాషి పళ్ళు నూరుకున్నాడు.

అంతలో కొండ ఊగిపోయింది. సముద్రంలో ఉన్న అమెరికన్ ఓడ ఏదో దాని రోజువారీ పని అది చేసింది. దుమ్ము తగ్గాక చూస్తే అతను దిగివచ్చిన బొరియ లేదు. దాని స్థానంలో ఏనుగంత బండ కూర్చుని ఉంది. ఇక మిగిలింది తూర్పు ద్వారం ఒక్కటే. హిసాషి బండని భుజంతో నెట్టి చూశాడు, కదల్లేదు. ఇన్నాళ్ళూ ఇలాంటి గుహల బయట నిలబడి, మైకులో 'బయటికి రండి, ప్రాణాలకి భయం లేదు' అని చెప్పేవాడు. ఇప్పుడు ఆ మాట ఎవరైనా తనకి చెబితే బాగుండుననిపించింది.

లోపల ఆవిరి, కుళ్ళిన కట్ల కంపు. కప్పు మీద నుంచి చుక్క రాలే ప్రతిచోటా ఒక డబ్బా పెట్టి ఉంది. గోడ వారన కుసునోసె అనే కార్పొరల్, ఒకప్పుడు చేపలు పట్టుకుని బతికినవాడు, చెవి మీద దాచుకున్న సగం సిగరెట్ తీసి ముట్టించి హిసాషి చేతికిచ్చాడు.

"పీల్చు తమ్ముడూ. నీ మొహం చూస్తే నాకే జాలేస్తోంది."

హిసాషి పీల్చాడు. మనసంతా బండ మీదే ఉంది. చివరికి పీకని నలిపి, కాగితం చింపి, పొగాకు గాలిలోకి విదిలించి, కాగితాన్ని ఉండ చుట్టి పారేశాడు. అమెరికన్ క్యాంపులో చెత్త పడకుండా కొత్తవాళ్ళకి మొదటివారమే నేర్పే పని అది. వేళ్ళు వాటంతటవే చేసేశాయి.

గుహలో తలలన్నీ ఇటు తిరిగాయి. ఒక పీక నలుగురి పెదాలు తిరిగే చోట వీడు పొగాకు పారబోశాడు.

"ఒరే, మతిగాని పోయిందా నీకు?" కుసునోసె పైకి లేచాడు.

అతనికంటే ముందు ఒక ఆడమనిషి వచ్చి హిసాషి చెంప చెళ్ళుమనిపించింది. పట్టు కిమోనో గాయాల కట్లకి పోగా, ఒంటి మీద సిపాయి చొక్కా, నడుముకి పట్టు దట్టీ మిగిలాయి. కనుబొమలు మాత్రం కాల్చిన అగ్గిపుల్లతో తీరుగా దిద్దుకుని ఉంది.

"ఏ జమీందారు కొడుకువిరా నువ్వు? మీ ఇంట్లో పొగాకుతో ముగ్గులేస్తారా?"

అందరూ పడీపడీ నవ్వారు. ఆమె వంగి పొగాకు ఏరసాగింది. హిసాషి కూడా వంగాడు.

"పీచ్ పండ్లు కాశాయా?" అంది పెదవి కదపకుండా.

"పురుగు పట్టింది."

"అనుకున్నాను. మనవాళ్ళెవరూ పొగాకు పారెయ్యరు. ఆ మెసేజ్ నా మెడ మీద కత్తి పెట్టి పంపించారు. తూర్పు గుమ్మం కింద విమానాల బాంబులు పాతారు. మీవాళ్ళు వచ్చి నిలబడగానే కెప్టెన్ మీట నొక్కుతాడు. వాళ్ళూ మనమూ అందరం ఒకే గోతిలో."

"అసలు నువ్వెవరి మనిషివి?"

"ఈ పూటకి బతకాలనుకునేవాళ్ళ మనిషిని. నువ్వో?"

సీసాల గుట్ట వైపు రెండుసార్లు వెళ్ళబోయాడు. రెండుసార్లూ బాయ్‌నెట్ అడ్డం వచ్చింది. ఆలోపు హుకుం అయింది. నడవగలిగినవాళ్ళంతా తూర్పు గదిలోకి రావాలి.

కెప్టెన్ షిగెమత్సు తూటాల పెట్టె మీద కూర్చున్నాడు. ఎముకల గూడులా ఉన్నాడు, అయినా గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఎదురుగా వైర్లు బిగించిన పేలుడు పెట్టె. పక్కనే తమాయోని నిలబెట్టారు. గుమ్మంలోంచి ఎండ కళ్ళలో పొడుస్తోంది. ఆ ఎండలో తెల్లజెండా, వెనక వరసగా సిపాయిలు, అందరికంటే ముందు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని మేజర్ లిండ్‌క్విస్ట్. ఎర్ర పొగ రాలేదు కదా, ధీమాగా నడిచొస్తున్నాడు.

ఇంగ్లీషులో అరిస్తే అరుపు పూర్తయ్యేలోపే మీట పడుతుంది. దూకుదామంటే నడుమ అరడజను మంది. హిసాషికి చావంటే భయం వేసింది. తన పొగ రాలేదని నమ్మి నడిచొస్తున్నవాళ్ళని తలుచుకుంటే ఇంకా భయం వేసింది.

కెప్టెన్ రెండు చేతులూ మీట మీద వేశాడు.

"కషికోకు మో!" అని హిసాషి గొంతు చించుకుని అరిచాడు.

పరమ భక్తితో విన్నవిస్తున్నాను, అని ఆ మాటకి అర్థం. జపాన్ సైన్యంలో ఆ మాట తర్వాత వచ్చేది చక్రవర్తి ప్రస్తావనే. అది చెవిన పడితే తింటున్నవాడు ముద్ద వదిలి నిటారుగా నిలబడాలి. గుహ అంతా ఒక్కసారిగా మడమలు టకీమన్నాయి. కాళ్ళు లేనివాళ్ళు నడుము నిలబెట్టి కూర్చున్నారు. కెప్టెన్ లేచి నిలబడ్డాడు. మీట మీది చేతులు ప్యాంటు కుట్ల దగ్గరికి వెళ్ళి అతుక్కున్నాయి.

దూకాల్సిన క్షణం అదే. హిసాషి దూకలేదు. అతని మడమలూ టకీమన్నాయి! హిరోషిమా బడిలో డ్రిల్లు మాస్టారు బెత్తంతో ఎక్కించింది అమెరికా దింపలేకపోయింది. కదలరా, కదలరా అని లోపల ఎంత మొత్తుకుంటున్నా చేతులు తొడల్ని వదల్లేదు.

తమాయోకి ఏ సైన్యమూ డ్రిల్లు నేర్పలేదు. రెండడుగులు ముందుకి వేసి, వంగి, రెండు చేతులా వైర్లు పీకి పారేసింది.

"తర్వాత?" అన్నాడు కెప్టెన్, మిగతా వాక్యం కోసం ఎదురు చూస్తూ. అప్పుడు చూశాడు, ఆమె చేతిలో వైర్లు.

ఆయన చెయ్యి పిస్తోలు మీదికి వెళ్ళడమూ హిసాషి ఒంటికి ప్రాణం రావడమూ ఒకేసారి జరిగాయి. ఇద్దరూ దొర్లారు. గుండు కప్పుకి తగిలింది. "ఆగండి మేజర్! గుమ్మం కింద బాంబులు!" అని హిసాషి ఇంగ్లీషులో కేక పెట్టాడు. బయట నూటయాభై మంది నేలకి కరుచుకుపోయారు.

లోపల తుపాకులన్నీ హిసాషి వైపు తిరిగాయి. కుసునోసె అందర్నీ తోసుకుని ముందుకొచ్చాడు.

"ఒరే, నువ్వు అమెరికావోడివా?"

"అవునన్నా."

"బయట నీళ్ళున్నాయా?"

"కావలసినన్ని."

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా," అని కుసునోసె తుపాకి కింద పెట్టాడు. అందరికీ వినబడేలా పెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు పెట్టారు.

ఖైదీల కంచెలో కెప్టెన్ షిగెమత్సు అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. డాక్టరు చెప్పినా, తమాయో తిట్టినా మొహం అవతలికి తిప్పుకున్నాడు. ఆఖరికి హిసాషి అన్నం డబ్బా పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

కెప్టెన్ ఇటు తిరిగాడు. "ఆ వాక్యం సగంలో ఆపేశావు. ఆయన పేరెత్తి సగంలో ఆపకూడదు. పూర్తి చెయ్యి."

హిసాషి లేచి నిలబడ్డాడు. ఈసారి మడమలు కావాలనే కలిపాడు.

"కషికోకు మో, చక్రవర్తి వారు నిన్ను అన్నం తినమన్నారు."

కెప్టెన్ కంచె గుంజ పట్టుకుని లేచాడు. నిటారుగా నిలబడి ఆఖరి అక్షరం దాకా విన్నాడు. కళ్ళు తుడుచుకుని, కూర్చుని, చెంచా అందుకున్నాడు.

కంచె అవతల నుంచి చూస్తున్న మేజర్ లిండ్‌క్విస్ట్ నోరు వెళ్ళబెట్టాడు. "డాక్టరు మాటకే తిననివాడు! ఏం చెప్పావయ్యా?"

"నేను చెప్పిందేముంది సార్," అన్నాడు హిసాషి. "పైనుంచి ఆర్డరు వచ్చింది."