చివరి వరసలో అత్తగారు

ఉదయం అయిదున్నరకే వంటింట్లో లైటు వెలిగింది. కోడలు సింకు దగ్గర నిలబడి గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తోంది. పదిహేడేళ్లుగా ఆమె రోజు మొదలయ్యేది అలాగే. సముద్రతీరాన్ని ఒక్క రోజులో తిప్పి చూపించే టూరు బస్సులో ఆమె గైడు. ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం ఏడింటికి దిగుతుంది. మధ్యలో లైట్‌హౌసు, చేపల రేవు, భోజనం, తర్వాత రెండు గంటల పడవ షికారు. అంతసేపూ చేతిలో మైకు, మొహాన నవ్వు. వారానికి ఆరు రోజులు ఇదే పని. కంపెనీలో అందరూ ఆమెను ‘మైకక్క’ అంటారు.

ఇంట్లో మాత్రం ఆ గొంతు పెద్దగా ఎవరికీ వినపడదు. మూడంతస్తుల మెట్లెక్కి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది, పిక్కలు పీకేస్తుంటాయి. కూతురు కాలేజీ కబుర్లు చెబితే “ఊఁ” అంటుంది. అత్తగారు ఏదైనా అడిగితే తలూపుతుంది. అయిదేళ్ల కిందట భర్త గుండెపోటుతో పోయాక ఆ ఊకొట్టడం కూడా తగ్గింది. అతనున్న రోజుల్లో ఇల్లు సంతలా ఉండేది. ఇప్పుడు ముగ్గురు ఆడవాళ్లూ ఒకరి నిద్ర ఒకరు చెడగొట్టకూడదన్నట్టు మెత్తగా తిరుగుతుంటారు.

అత్తగారు భోజనం డబ్బా మూత బిగిస్తూ, అంత పెద్ద విషయమేం కాదన్నట్టు అంది. “ఆదివారం అమ్మాయి కారు తీసుకుని వస్తానంటోంది. వాళ్లింటికి వచ్చి ఇంక అక్కడే ఉండిపొమ్మంటోంది. ఏం చెప్పమంటావ్?”

ఆవిడ ఈ మాట అడగడం ఆ వారంలో మూడోసారి. కోడలు తువ్వాలుతో మూతి తుడుచుకుంది. అత్తగారి కూతురైన వదినగారింట్లో లిఫ్టుంది, పొద్దంతా ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు. ఇక్కడ డెబ్బై రెండేళ్ల మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడలు చూస్తూ కూర్చోవాలి. ఉండిపొమ్మని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

“మీ ఇష్టం అత్తయ్యా” అంది.

అత్తగారు డబ్బా ఆమె ముందు పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

బస్సు డిపోలో బయల్దేరి ఊళ్లో మూడుచోట్ల జనాన్ని ఎక్కించుకుంటుంది. మూడో చోట ఒకాయన కిటికీ సీటు కోసం పేచీ పెట్టాడు. ఆయన్ని బుజ్జగించి కూర్చోబెట్టేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆమె జాబితా పట్టుకుని, ఒక్కొక్కరి టిక్కెట్టూ చూసుకుంటూ వెనక్కి నడిచింది. చివరి వరసలో కిటికీ పక్కన, మొహానికి మించిన నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఒళ్లో చేతిసంచీతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కళ్లద్దాలు తన కూతురివి. కూర్చున్నది అత్తగారు.

అత్తగారు అందరిలాగే టిక్కెట్టు చేతికిచ్చింది.

“మనవరాలు ఫోన్లో తీసిపెట్టింది. నేనూ ప్యాసింజర్నే. నీ పని నువ్వు చూసుకో” అంది, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా.

నలభై ఒక్క మంది ముందు ఏం మాట్లాడుతుంది? ఆమె టిక్కెట్టు చించి సగం తిరిగిచ్చి, ముందుకొచ్చి మైకు అందుకుంది. డ్రైవరు అద్దంలోంచి చూసి ఒంట్లో బాగాలేదా అని అడిగితే ఏం లేదని చెయ్యూపింది. తర్వాత రోజూ చెప్పేదే మొదలుపెట్టింది. మా డ్రైవరన్న ఈ దారిలో కళ్లు మూసుకుని నడపగలడండీ, మీకోసమని ఇవాళ తెరిచి నడుపుతున్నాడు అంది. అది ఎన్ని వేలసార్లు చెప్పిన జోకో ఆమెకే తెలియదు. బస్సంతా నవ్వింది. అందరూ ఆపేశాక చివరి వరసలోంచి ఒక్క నవ్వు విడిగా వినపడింది. అయిదేళ్లుగా వినని నవ్వు.

వినగానే సంతోషం కలగాలి. ఆమెకు మాత్రం చిరాకేసింది. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టనిపించింది. ఇంట్లో ఒక్కసారి కూడా ఇవ్వని హుషారంతా ఊరూ పేరూ తెలియని వాళ్లకి పంచిపెడుతుంటే, ఆ ఇంటి పెద్దే వెనక కూర్చుని చూస్తోంది.

లైట్‌హౌసు దగ్గర అత్తగారు మెట్లెక్కలేదు. కిందే అరుగు మీద కూర్చుని, కోడలు చెప్పేదంతా చెవులు రిక్కించి వింది. చేపల రేవులో గుంపుతో పాటు నడిచి, అందరూ ప్రశ్నలడుగుతుంటే తనూ బడిపిల్లలా చెయ్యెత్తింది. ఈ వలలు చిరిగితే ఎవరు కుడతారని అడిగింది. “ఎక్కువగా ఆడవాళ్లేనండీ” అని కోడలు జవాబు చెప్పింది. అత్తగారిని ‘అండీ’ అని పిలవడం ఆమె జన్మలో అదే మొదలు.

భోజనాలకు ఆగినప్పుడు గైడుకి దొరికేది ఇరవై నిమిషాలు. ఆమె డబ్బా విప్పకుండానే అత్తగారిని హోటలు వెనక చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది.

“ఎందుకొచ్చారత్తయ్యా? పడవెక్కాలనుంటే చెప్తే నేనే తీసుకొచ్చేదాన్ని కదా.”

“పడవ కోసం కాదు. నీ మాట వినడానికొచ్చాను” అంది అత్తగారు. “ఇంట్లో రోజుకి పది మాటలు కూడా ఆడవు. ఇక్కడ నువ్వు నోరు మూయవని మీ డ్రైవరు ఇంటికొచ్చినప్పుడల్లా అంటాడుగా. వెళ్లిపోయేలోపు ఒక్కరోజైనా విందామనిపించింది. టిక్కెట్టు కొంటే ఎవరైనా వినొచ్చు.”

ఆ చివరి మాట కోడలికి సూటిగా తగిలింది. తగిలినచోట కోపం పుట్టింది.

“ఇక్కడ మాట్లాడేది నేను కాదు. నా ఉద్యోగం మాట్లాడుతుంది. నవ్వి నవ్వి ఇంటికొచ్చేసరికి దవడలు లాగేస్తుంటాయి. ఇంట్లో కూడా నవ్వుతూ తిరగాలంటే నా వల్ల కాదత్తయ్యా. ఈ ఒక్క చోటయినా నన్ను నా మానాన వదిలేయాల్సింది.”

“నవ్వమని నిన్నెవరడిగారమ్మా? వెళ్లనా, ఉండనా అని అడిగాను. మీ ఇష్టం అన్నావు. ఆ మాట బజార్లో కూరలమ్మే ఆవిడ కూడా అంటుంది.”

కోడలు ఏదో అనబోయింది. బస్సు హారను మోగింది. ఆమె డబ్బా అలాగే సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. అత్తగారు కుళాయి కట్టేసి, మోకాలు పట్టుకుని నెమ్మదిగా వెనకాలే నడిచింది.

పడవలో అత్తగారు రెయిలింగు పక్క బల్ల మీద ఒక్కతే కూర్చుంది. మధ్యాహ్నం వేళ ఆ పడవలో నిలబడి మాట్లాడటమంటే కోడలికి ఎప్పుడూ కష్టమే. ఎండ నెత్తి మీద, కాళ్ల కింద నేల నిలవదు, ఇవాళ పొట్ట కూడా ఖాళీ. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకొన చూపించింది, పక్షులు గూళ్లు పెట్టే గుహ చూపించింది. నోరు దానంతటదే తిరుగుతోంది, ఆలోచన మాత్రం కుళాయి దగ్గరే ఆగిపోయింది.

గుహ దాటాక నీళ్లలో రెండు రాళ్లుంటాయి, ఒకటి నిలువుగా, ఒకటి దాని ముందు సగం మునిగి. అక్కడ పడవ నడిపే సరంగు రోజూ ఇంజను జోరు తగ్గిస్తాడు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ రాళ్ల గురించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఏం చెప్పాలో తోచక ఆమె తలపట్టుకుంటే, భర్త ఒక సాయంత్రం కథ అల్లి ఇచ్చాడు. ఎక్కడ ఆగాలో, ఏ గొంతు పెట్టాలో కూడా చేసి చూపించాడు. అప్పట్నుంచీ అదే చెబుతోంది.

“ఆ నిలబడ్డావిడ తల్లండీ” అని మొదలుపెట్టింది. “భుజం మీద తువ్వాలు కూడా ఉంది, సరిగ్గా చూడండి. ముందున్నవాడు కొడుకు. స్నానానికి దిగాడు, ఇంక బయటికి రాడు. పొద్దు వాలిపోతోంది, రారా అంటుంది తల్లి. వాడు తల పైకెత్తి, ఇంకొక్క మునకమ్మా అంటాడు.”

ఆ పిల్లాడి మాట ఆమె ముక్కుతో, గారంగా, సాగదీసి అంటుంది. జనం నవ్వారు. పిల్లలున్న తల్లులు ఇంకాస్త గట్టిగా నవ్వారు.

“మళ్లీ పిలుస్తుంది. నీళ్లు చల్లబడ్డాయిరా, జలుబు చేస్తుందిరా. వాడు మళ్లీ...”

అప్పుడు ఆమె చూపు అత్తగారి మీద పడింది. ఆవిడ కళ్లద్దాలు తీసేసింది. రాళ్ల వైపే చూస్తోంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. మైకులో ఇంకా రాని మాటను అవి ముందే పలుకుతున్నాయి. ఇంకొక్క మునకమ్మా.

కోడలు కథ ఆపేసింది. మైకులో గాలి హోరు తప్ప ఏమీ లేదు. జనం తలలు తిప్పి చూశారు. ఇక్కడ కాసేపు ఆగుతాం, ఫొటోలు తీసుకోండని ఎలాగో చెప్పి, ఆమె మైకు బల్ల మీద పెట్టి అత్తగారి పక్కన కూలబడింది.

“ఆ కథ నీకెవరు చెప్పారు?” అడిగింది అత్తగారు.

“ఆయనే. తనే కట్టానన్నారు.”

అత్తగారి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, మూతి మాత్రం నవ్వింది. “దొంగవెధవ. వాడు కట్టడమేమిటి? ఆరేళ్లప్పుడు నీళ్ల తొట్టిలోంచి లేచేవాడు కాదు. తువ్వాలు పట్టుకుని నిలబడి నిలబడి నా కాళ్లు పడిపోయేవి. ఇట్లాగే ఉంటే ఇద్దరం రాళ్లమైపోతాంరా అని ఈ కథ చెప్పి బెదిరించేదాన్ని. ఆ గొంతు నువ్వెట్లా పట్టావ్? అచ్చం వాడే.”

“ఆయనే నేర్పారు.” కోడలు చేతులు ఒళ్లో పెట్టుకుంది. “ఆయన పోయిన నెలకి మళ్లీ పన్లోకొచ్చినప్పుడు ఈ కథ మానేద్దామనుకున్నానత్తయ్యా. మానలేకపోయాను. రోజులో ఒక్కసారి ఆయన గొంతు నాకు ఇక్కడే వినపడుతుంది. ఇది చెప్పేశాక ఇంక నా దగ్గర మాటలుండవు. ఖాళీ అయిపోయి ఇంటికొస్తాను.”

“ఈ ముక్క నాకెప్పుడైనా చెప్పావా?”

“మీ ముందు ఆయన ఊసెత్తితే తట్టుకోలేరేమోనని.”

పడవ అటూ ఇటూ ఊగుతోంది. “నేనూ అంతే” అంది అత్తగారు. “నువ్వు అలసిపోయి వస్తావు, వాడి మాట తెచ్చి ఏడిపించడం ఎందుకని నోరు కట్టుకున్నాను. అయిదేళ్లు, ఒక్క ఇంట్లో. నువ్వు మాట్లాడకపోతే, నేనిక్కడ బరువైపోయాను కాబోలనుకున్నాను.”

“వెళ్లొద్దత్తయ్యా.” ఆమె గొంతు బొంగురుగా, మైకులో ఎప్పుడూ వినపడని రకంగా వచ్చింది. “అక్కడ మీకు సుఖంగా ఉంటుందని తెలుసు. అందుకే చెప్పలేకపోయాను. సాయంత్రం తలుపు తీసేసరికి మీరు లేకపోతే నేనా ఇంట్లోకి రాలేను. నా స్వార్థమే. అయినా వెళ్లొద్దు.”

అత్తగారు పైటకొంగుతో ముందు కోడలి మొహం తుడిచి, తర్వాత తన కళ్లు తుడుచుకుంది. ఈ ఒక్క మాట కోసం ఇంత దూరం తిప్పావు కదే అంది. కూతురు కూడా కూతురే కాబట్టి ఒక నెల ఉండి వస్తానంది. ఉండిపోవడానికి మాత్రం కాదంది. తన మోకాళ్లు ఆ మెట్లు ఇంకెన్నాళ్లు ఎక్కుతాయో తెలియదనీ, ఆ సంగతి అప్పుడే కూర్చుని ఆలోచించుకుందామనీ చెప్పింది. కోడలు అన్నిటికీ తలూపబోయి, తమాయించుకుని, “అలాగే, కింది అంతస్తులో ఇల్లు వెతుకుతాను” అని నోటితో చెప్పింది.

ఇంతలో పొద్దున కిటికీ సీటు కోసం పేచీ పెట్టినాయన దగ్గరికొచ్చాడు. వాళ్ల మొహాలు చూసి కాస్త తటపటాయించాడు. కథ సగంలో ఆగిపోయిందనీ, మా ఆవిడ అడగమందనీ అన్నాడు. ఇంతకీ ఆ పిల్లాడు బయటికొచ్చాడా?

కోడలు చెప్పే కథలో వాడు రాడు. ఇద్దరూ అలాగే రాళ్లైపోతారు, జనం అయ్యో అని నవ్వుతారు. ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది.

“వచ్చాడు నాయనా. ఎందుకు రాడు? తల్లి రాయైపోతుందని భయమేసి, నీళ్లోడుతూ పరిగెత్తుకొచ్చి కాళ్లు చుట్టేసుకున్నాడు. రోజూ వచ్చేవాడు.”

ఆయన తృప్తిగా తలూపి, భార్యకు చెప్పడానికి వెళ్లాడు. కోడలు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. అత్తగారు ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది, ఆపమని మాత్రం అనలేదు. సరంగు ఇటు ఒకసారి చూసి, ఎవరూ అడగకుండానే ఇంజను ఇంకో అయిదు నిమిషాలు ఆపి ఉంచాడు.

రేవులో దిగాక కోడలే వదినగారికి ఫోన్ చేసింది. ఆవిడ మొదట మాట తూలింది. అమ్మని ఆ మెట్లెక్కించి చంపుతావా అని కూడా అంది. కోడలు ఎదురు చెప్పకుండా అంతా విని, ఇల్లు మారతాననీ, నెలకి మించి మాత్రం అత్తయ్యని వదిలి ఉండలేననీ చెప్పింది. ఈ మాట నువ్వెప్పుడూ అనలేదే అని వదినగారు మెల్లగా అని, ఆదివారం భోజనానికి వస్తాననీ, అమ్మని నెలకే తీసుకెళ్తాననీ అంది.

తిరుగు ప్రయాణంలో అత్తగారు ముందు సీట్లోకి, కోడలి పక్కకి మారింది. కోడలు రోజూ చివర్లో చెప్పే వీడ్కోలు మాటలు చెప్పడానికి లేవబోతే, డ్రైవరు ఇవాళ నేను చెప్తాలే అక్కా అని మైకు తీసేసుకున్నాడు. అతను చెబుతుండగానే, పొద్దున్నుంచీ ఏమీ తినని ఆ మనిషికి అత్తగారి భుజం మీద కునుకు పట్టేసింది.

బస్సు ఊళ్లోకొచ్చింది. దిగేవాళ్లలో ఒకామె గైడుకి థాంక్స్ చెబుదామని వచ్చి, ఆమె నిద్రపోవడం చూసి ఆగింది. మీ అమ్మాయా అని పెద్దావిడని అడిగింది.

“కోడలు” అంది అత్తగారు, భుజం కదలకుండా. “పొద్దున్నుంచీ మాట్లాడుతూనే ఉంది. కాసేపు పడుకోనివ్వండి.”