దుర్గక్క ఉత్తరాలు

"ఇంకా రాలేదక్కా," అంది మాధురి, కంప్యూటర్‌లో కార్ల పందెం మీంచి కళ్లు తిప్పకుండానే.

నిజానికి ఆమె మెయిలు తెరవనే లేదు.

రాజోలు బస్టాండు దగ్గరున్న ఆ నెట్ సెంటర్ మాధురి నాన్న మురళీమోహన్‌ది. ప్రింటర్ ఇంకు కోసం అమలాపురం వెళుతూ, ఆదివారమే కదా అని ఆరో తరగతి చదివే కూతుర్ని కూర్చోబెట్టాడు. పక్క కంప్యూటర్ ముందున్నది దగ్గర్లోని నగరం అనే పల్లె నుంచి వచ్చిన దుర్గాభవాని. కొబ్బరి పీచు పనికి వెళుతూనే ఇంటర్ పాసై, నర్సింగ్‌కి దరఖాస్తు పెట్టింది. హాల్ టికెట్ తీసుకోవడానికి రేపే ఆఖరు రోజు. అది లేకపోతే ఏడాది పోయినట్టే.

ఆ సైట్ ఎవరు తయారుచేశారోగానీ, దానికి పాస్‌వర్డ్ లేదు. లోపలికి వెళ్లాలన్న ప్రతిసారీ మెయిలుకు ఒక లింకు పంపుతుంది. పావుగంటలో నొక్కాలి. ఆలస్యమైతే చెల్లదు, కథ మళ్లీ మొదటికి.

దుర్గకు మెయిలు లేదు. దరఖాస్తు నింపిన రోజు, "నాది ఇచ్చేయక్కా" అని మాధురే గొప్పగా చెప్పింది. క్లాసులో మెయిలున్నది తనకొక్కదానికే మరి. తీరా చూస్తే దుర్గ వచ్చినప్పుడల్లా ఆట ఆపాల్సి వచ్చింది. ఒకసారి లింకు అరగంటకు వచ్చింది. ఇంకోసారి నొక్కబోతుంటే కరెంటు పోయింది. మాధురికి విసుగు పుట్టింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కార్ల పందెంలో ఉంది.

దుర్గ లింకు కోసం మళ్లీ మళ్లీ నొక్కింది, మళ్లీ మళ్లీ అడిగింది. నాలుగు దాటాక లేచింది.

"బస్సెళ్లిపోద్దమ్మా. పొద్దున్నే మొదటి బస్సుకొస్తాను. నిన్ను మాటిమాటికీ ఇబ్బంది పెడుతున్నాను, ఏమనుకోకు," అంది.

ఆమె వెళ్లాక మాధురి మెయిలు తెరిచింది. ఆరు ఉత్తరాలు వరసగా ఉన్నాయి. అన్నిటి మీదా దుర్గాభవాని పేరే. ఒక్కదానికీ గడువు మిగల్లేదు. మాధురి చెవులు వేడెక్కాయి. కార్ల పందెం మూసేసింది.

సాయంత్రం నాన్న వచ్చాక జరిగిందంతా చెప్పింది.

"ఆ ఉత్తరాలు ఎవరివే?" అన్నాడాయన.

"దుర్గక్కవి."

"మరి అవొచ్చే పెట్టె తాళం?"

"నా దగ్గరుంది నాన్నా."

ఆయన తెచ్చిన ఇంకు డబ్బాలు సర్దుకోవడంలో పడ్డాడు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది మాధురికి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెల్లారి, స్కూలు యూనిఫాం వేసుకుని నాన్నకంటే ముందే సెంటర్ మెట్ల మీద కూర్చుంది. దుర్గ బస్సు దిగి రాగానే లేచి నిలబడింది.

"నిన్న మెయిలొచ్చిందక్కా. ఆరుసార్లొచ్చింది. నేను చూడకుండానే అబద్ధం చెప్పేను."

దుర్గ చేతిసంచి మెట్టు మీద పెట్టింది.

"నాకూ అనుమానమొచ్చిందే. నీ మెయిలు కదా, తీసి చూపించమనడానికి మొహమాటమేసింది," అంది.

మాధురికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అనుమానం వచ్చి కూడా అక్క తిరిగి తనతోనే ఏమనుకోకని చెప్పి వెళ్లింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

నాన్న వచ్చి సెంటర్ తెరిచాడు. ఈసారి మాధురి కళ్లార్పకుండా చూసి, లింకు వచ్చీరాగానే నొక్కింది. హాల్ టికెట్ ప్రింటయింది. దుర్గ దాన్ని మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని లేవబోయింది.

"ఇంకొక్క పనుందక్కా, కూర్చో," అంది మాధురి.

దుర్గ పేరుతోనే కొత్త మెయిలు మొదలుపెట్టింది. ఇకనుంచి సైట్ పంపేవన్నీ దానికే వచ్చేలా మారుస్తానంది. పాస్‌వర్డ్ అడిగే చోటు వచ్చింది.

"ఏం పెట్టమంటావమ్మా?" అంది దుర్గ, అలవాటు కొద్దీ.

"నాకు చెప్పకక్కా. నీకు మాత్రమే తెలిసింది పెట్టుకో."

మాధురి కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది. వెనక దుర్గ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో నొక్కుతోంది. స్కూలుకు టైమవుతోంది. అయినా, "ఆయ్, అయిందమ్మా" అని దుర్గక్క అనేదాకా మాధురి వెనక్కి తిరగలేదు.