అరువు కళ్ళు

మా కాసపాట హైస్కూల్లో డ్రాయింగు క్లాసుకి కుర్చీలో కదలకుండా కూర్చునే మనిషి కావలసివస్తే, అన్సెల్మో మాస్టారు ఊరంతా తిరిగి చివరికి నా దుకాణానికి వచ్చారు. గుడి గంట కొట్టే దమాసోని అడిగారట, కూర్చోగానే గురక పెట్టాడట. రొట్టెల ఫ్లోరెన్సియోని అడిగారట, ముందు వైపు బాగుంటానా పక్క వైపు బాగుంటానా అని వారం రోజులు ఆలోచిస్తానన్నాడట. ఏ వైపైనా ఒకటేనని వాళ్ళావిడ చెప్పినా వినలేదట.

"కదలకూడదు, మాట్లాడకూడదు. అంతే సెనోవియక్కా," అన్నారు మాస్టారు.

సెనోవియాని గంటసేపు నోరు మూయించబోతున్నారని తెలిసి హెడ్మాస్టరు పనిగట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి చూసి వెళ్ళాడు. ఆయనకి వేరే పని ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

అన్సెల్మో మాస్టారికి అలసట పుట్టుకతోనే వచ్చిందని కొందరంటారు. పిల్లలు గీసిన చెవులు దిద్దీ దిద్దీ వచ్చిందని నేనంటాను. వరసల మధ్య కాళ్ళీడ్చుకుంటూ తిరుగుతూ ఒకటే పాట.

"కళ్ళు తల సగంలో ఉంటాయిరా నాయనా, నుదుటి మీద కాదు. కొలిచి చూడు. చెయ్యి చాచి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసి కొలువు. తెలిసింది గీయకు. చూసింది గీయి."

ఆయన నోటి వెంట 'సరిగ్గా ఉంది' అన్న మాట విన్నవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఇంత బతుకులో ఒక్క బొమ్మయినా సరిగ్గా కుదరలేదా అని ఒకసారి అడిగాను. "దగ్గరికి వస్తాయి," అన్నారు.

ఆ ఏడు ఆయన పిల్లలకి ఒక కొత్త పని పెట్టారు. నవంబరు మొదటి తారీఖున మధ్యాహ్నం గుడి గంట మోగగానే పోయినవాళ్ళు ఇళ్ళకి వస్తారు, మర్నాడు మధ్యాహ్నం గంటకి వెళ్ళిపోతారు. వాళ్ళకోసం బల్ల పరుస్తాం. దాని మీద వాళ్ళకిష్టమైనవన్నీ పెడతాం, మధ్యలో రొట్టెతో చేసిన మనిషిని పడుకోబెడతాం. ఆ రొట్టె మనిషికి సుద్దతో చేసిన చిన్న ముఖం అతికిస్తాం. ఆ ముఖాన్ని బట్టే వాళ్ళు తమ బల్ల ఏదో పోల్చుకుంటారు. ఆ ముఖాలన్నీ సంతలో దొరుకుతాయి. అన్నిటికీ ఎర్ర బుగ్గలే, అన్నిటిదీ ఒకే అచ్చు.

"ఈసారి కొనద్దు," అన్నారు మాస్టారు. "మీ ఇంట్లో పోయినవాళ్ళని తలుచుకుని గీయండి. గీసిన బొమ్మని చూసి సుద్దతో ముఖం మీరే చెయ్యండి. మీ తాత సంత బొమ్మలా ఉండేవాడా?"

"మా తాత అలాగే ఉండేవాడు మాస్టారూ, తాగితే," అన్నాడు వెనక బెంచీవాడు.

అందరూ నవ్వారు. నా మేనకోడలు నైదా నవ్వలేదు.

నైదా నా తమ్ముడు లియాంద్రో కూతురు. లియాంద్రో గనిలో కూలిన రాళ్ళ కింద పోయాడు. వాడికున్న ఒక్క ఫోటో గుర్తింపు కార్డు మీదిది, అదీ జేబులోనే ఉండిపోయింది. శవపెట్టె తెరవద్దని గనివాళ్ళే చెప్పారు. మాలో కొత్తగా పోయినవాళ్ళకి మూడేళ్ళే బల్ల పరుస్తాం. మూడో ఏడు కడుపునిండా పెట్టి సాగనంపేశాక ఇక పిలవకూడదు. ఆలోగా తన బల్ల దొరకనివాడు ఏమవుతాడో మా ఊళ్ళో ఎవరూ చెప్పరు. నేనూ చెప్పను. నేనే చెప్పనంటే ఆలోచించుకోండి.

మొదటి రెండేళ్ళూ లియాంద్రో రాలేదు. బల్ల మీద గ్లాసులో నీళ్ళు చుక్క తగ్గలేదు. అదే అచ్చు ముఖం చూసుకుని పొరపాటున ఫ్లోరెన్సియో ఇంటికి వెళ్ళాడేమో, అక్కడ భోజనం బాగుంటుంది కదా అన్నాను. నైదా వాళ్ళమ్మ, మా మరదలు ప్రిమితీవా నవ్వలేదు.

"వదినా, మీ తమ్ముడు ఎక్కడికీ వెళ్ళలేదు," అంది. "రాత్రిళ్ళు ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. గోడని చేత్తో తడుముకుంటూ... తలుపు దగ్గరికి వచ్చి... తలుపు దాటి వెళ్ళిపోతాడు. మళ్ళీ చుట్టూ తిరుగుతాడు. కనబడట్లేదేమో వదినా మీ తమ్ముడికి."

ఎలక అన్నాను. గోడ మట్టి మీద మనిషి ఛాతీ ఎత్తున చుట్టూతా నున్నగా అరిగిన చార చూపించింది. అంత పొడుగు ఎలక మా వైపు లేదు.

అది మూడో ఏడు. అదే ఆఖరు.

నైదా తండ్రి ముఖం గీసింది. ముక్కు, దవడ, గెడ్డం కింద గాటు, ఒక్కటీ తప్పలేదు. కానీ కళ్ళు మూసి ఉన్నాయి.

"కళ్ళేవే?" అన్నారు మాస్టారు. "మూసుకుంటే దారెలా చూస్తాడు?"

"తెలియవు మాస్టారూ. నాన్న గని నుంచి వస్తే పడుకునే ఉండేవాడు. నేను లేచేసరికి పడుకుని ఉండేవాడు, పడుకునేసరికి పడుకుని ఉండేవాడు. లేచాడంటే బస్సుకే. పడుకున్న నాన్నే నాకు తెలుసు."

మాస్టారు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నారు.

"తెలియనిది కల్పించి పెట్టకు," అన్నారు. "మీ అత్త ఉందిగా. ఒకే తల్లి పిల్లలు. ఆమె కళ్ళు చూసి పెట్టు."

అదేం పెద్ద మాటలా ఎవరికీ అనిపించలేదు. మా ఇంట్లో తమ్ముడు నా చెప్పులు వేసుకున్నాడు, నా దుప్పటి కప్పుకున్నాడు. కళ్ళూ ఇస్తే ఏం పోయింది?

మొదటి తారీఖు పొద్దున నైదా, నేను బడికి వెళ్ళాం. సెలవు కాబట్టి మాస్టారే వచ్చి తాళం తీశారు. సుద్ద ముఖం కిటికీలో ఆరుతోంది. అన్నీ చెక్కేసింది, కళ్ళ చోటు మాత్రం నున్నగా వదిలేసింది. కళ్ళు చివర్న వెయ్యాలి, ఇంటివాళ్ళే వెయ్యాలి, గంట మోగేలోపు వేసి బల్ల దగ్గరికి చేర్చాలి. గంటకి ఇంకా చాలా వ్యవధి ఉంది.

నేను కుర్చీలో కూర్చున్నాను. పక్కన ఇంకో ఖాళీ కుర్చీ ఉంటుంది ఎప్పుడూ. మనిషికీ కుర్చీకీ నడుమ ఉన్న ఖాళీని గీయమంటారు మాస్టారు. ఖాళీ సరిగ్గా వస్తే మనిషి తనంతట తానే వస్తాడంటారు.

"కదలకత్తా. రెప్ప కూడా వెయ్యకు," అంది నైదా, సన్న కుంచె పట్టుకుని.

గదిలో రంగుల వాసన, తడి సుద్ద వాసన. కొండ మీంచి మబ్బు దిగింది. ముందు బల్లలు మసకబారాయి, తరవాత గోడ, తరవాత మాస్టారి ముఖం. పట్టపగలు దీపాలు పెట్టుకునేంత చీకటి. రేకు కప్పు మీద ఒక్క రాయి పడ్డట్టు టక్కుమంది. ఇంకోటి. ఆ తరవాత లెక్కలేదు. వడగళ్ళు.

గంట మోగింది.

మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళారు. "దమాసో. వడగళ్ళని తరమడానికి కొడుతున్నాడు."

వడగళ్ళు పడితే మా ఊళ్ళో గుడి గంట కొడతారు, ఆ మోతకి మబ్బు చెదిరిపోతుందని. పైరు చిన్నది, దమాసో పొలం గుడి పక్కనే. ఏ పనికీ వేళకి రానివాడు ఆ రోజు ముందే వచ్చి, ఒళ్ళు దాచుకోకుండా కొట్టాడు.

"ఇంకా మధ్యాహ్నం కాలేదు కదా మాస్టారూ," అన్నాను పెదవులు కదలకుండా.

"మనకి తెలుసు," అన్నారు మెల్లగా. "గంట వినేవాళ్ళకి ఎలా తెలుస్తుందక్కా..."

నైదా కుంచె ఆగింది. ఒక కన్ను వేసింది. ఇంకోటి ఉంది.

అప్పుడు వాసన వచ్చింది. తడి రాయి, మందుగుండు, గనిలో అలుపు తెలియకుండా నమిలి నమిలి చేదెక్కిన కోకా ఆకు. లియాంద్రో ఇంటికొస్తే మూడు గదులూ అదే వాసన. ప్రిమితీవా దుప్పట్లు ఎండలో వేసేది.

పక్క కుర్చీ కిర్రుమంది.

బరువైన మనిషి, బాగా అలిసినవాడు, ముందు చేతులానించి, తరవాత నడుం దించి, చివరికి వెనక్కి వాలినట్టు... ఒక్కొక్క చెక్కా విడివిడిగా పలికింది. ఆ తరవాత ఊపిరి వదిలిన చప్పుడు. పొడుగ్గా. ఎంతో దూరం నడిచొచ్చినవాడు వదిలే ఊపిరి.

నేను తల తిప్పలేదు. తిప్పకూడదు కదా.

"నైదా..." అన్నాను.

"కదలకత్తా." అది నన్నే చూస్తోంది. పక్కకి చూడటం లేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో కనబడుతోంది. "కొంచెమే ఉంది. వదిలేస్తే ఒంటికన్నుతో ఉండిపోతాడు..."

నా కళ్ళు మండుతున్నాయి. నీళ్ళు నిండాయి. రెప్ప వెయ్యలేదు.

అరచెయ్యి తగిలింది.

చల్లగా, గరుగ్గా, రాళ్ళు మోసిన చెయ్యి. నా నుదుటి మీదినుంచి మెల్లగా కిందికి జరిగింది. బలవంతం లేదు. పోయినవాళ్ళ రెప్పలు దించేటప్పుడు మనం ఎలా దించుతామో అలా. నాకేమీ కనబడలేదు. కప్పు మీద రాళ్ళ మోత ఒక్కటే. నా చెవి పక్కన, అలవాటైన గొంతు, అలసిన గొంతు...

"కాసేపే అక్కా."

"అయిపోయింది," అంది నైదా.

వెలుగు వచ్చింది. వడగళ్ళు ఆగిపోయాయి. దాని చేతిలో సుద్ద ముఖం నన్ను చూస్తోంది. అవి నా కళ్ళే, కానీ చూపు తమ్ముడిది.

పక్క కుర్చీ పీట తడిగా ఉంది, మధ్యలో బూడిదరంగు బురద. మాస్టారు బోర్డు తుడిచే గుడ్డతో తుడిచారు.

"కప్పు కారుతోంది," అన్నారు.

కప్పు ఆ ఏడే వేశారు. కొత్త రేకు. హెడ్మాస్టరు దాని గురించి ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

ఇంటికి పరిగెత్తి ముఖాన్ని రొట్టెకి అతికించాం. అసలు గంట మోగేసరికే గ్లాసులో నీళ్ళు సగానికి వచ్చాయి. ప్రిమితీవా గ్లాసుని పట్టుకుని ఏడ్చింది. మర్నాడు గంటకి సాగనంపాం. ఆ రాత్రి గోడ దగ్గర చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు. మా మరదలు ఇన్నేళ్ళకి తెల్లారేదాకా పడుకుంది. సుద్ద ముఖాన్ని నైదా అలమర మీద పెట్టుకుంది. అది రాత్రీ పగలూ కళ్ళు తెరుచుకునే ఉంటుంది.

అంతా బాగానే జరిగింది. నాకు కాస్త అలసటగా ఉంది, అంతే.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. జనానికి మర్యాద తగ్గింది. దుకాణంలోకి వస్తారు, నా వంక చూస్తారు, పలకరించకుండా చప్పుడు కాకుండా వెళ్ళిపోతారు. ఫ్లోరెన్సియో అయితే గుమ్మంలో ఆగి, వేలు పెదాల మీద పెట్టుకుని, పెళ్ళాన్ని వెనక్కి లాక్కుపోయాడు. నేను తిన్నగా వాడినే చూస్తున్నాను. వీడికి పొగరెక్కిందనుకున్నాను.

సెలవుల ముందు మాస్టారు మళ్ళీ కబురు పెట్టారు, ఏడాదికి ఆఖరి క్లాసు, పూర్తి ముఖం గీయాలని. వెళ్ళి కూర్చున్నాను. పిల్లలు చేతులు చాచి, పెన్సిళ్ళు నిలబెట్టి, ఒక కన్ను మూసి నన్ను కొలిచారు. ఎవరు ఎవర్ని గిల్లుతున్నారో, ఎవరు కిటికీలోంచి ఎవరికి సైగ చేస్తున్నారో అన్నీ చూశాను. నోరు మాత్రం విప్పలేదు, మాట ఇచ్చాను కాబట్టి.

బడి గంట కొట్టాక మాస్టారు కాగితాలన్నీ నల్లబోర్డుకి వరసగా గుచ్చారు.

వెనక బెంచీవాడి బొమ్మలో కళ్ళు మూసుకుని ఉన్నాయి. వాడికి కళ్ళు గీయడం రాదులే అనుకున్నాను. పక్క బొమ్మలోనూ మూసుకునే ఉన్నాయి. ఆ పక్కది. ఆ పక్కది. చివర నైదాది. అందులో నేను నిద్రపోతున్నాను, తల కొంచెం పక్కకి వాలి, నోరు కొద్దిగా తెరుచుకుని. వాళ్ళ నాన్న పడుకున్నట్టే.

మాస్టారు ఒకసారి బొమ్మల్ని చూశారు. నా వైపు తిరిగారు. చెయ్యి చాచి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసి నన్ను కొలిచారు. చాలాసేపు కొలిచారు. నేను ఆయన కళ్ళలోకే చూస్తున్నాను.

పెన్సిలు దించారు.

"సరిగ్గా ఉన్నాయి," అన్నారు. "అన్నీ."

నైదా ఏడుస్తోంది, చప్పుడు రాకుండా.

"మెలకువగానే ఉన్నాను మాస్టారూ," అన్నాను. గట్టిగానే అన్నాను. నా గొంతు గుడి గంటకంటే పెద్దదని ఊరంతా ఎగతాళి చేస్తుంది. ఒక్క తలా ఇటు తిరగలేదు.

ఆయన దగ్గరికి వచ్చారు. జారిన శాలువాని నా భుజం మీదికి లాగారు. పిల్లల వైపు తిరిగి గొంతు తగ్గించారు.

"మెల్లగా వెళ్ళండిరా... లేపకండి."