ఎనుముకు కుట్టిన దూడ

పాలకేంద్రంలో పాలు పోసి, ఖాళీ క్యాను చంకన పెట్టుకుని వచ్చిన హొన్నూరమ్మ కొట్టం వాకిట్లోనే ఆగిపోయింది. ఎనుము ఈనింది. తడితడిగా, కాళ్ళు ముడుచుకుని దూడ వణుకుతోంది. కానీ ఆమె చూపు దూడ మీద నిలవలేదు. దూడ కిందా, దూడ మీదా, ఉమ్మనీటిలో, పేడలో, నెత్తుటిలో నానిపోయి ముద్దగా పడి ఉన్నది ఆమె బొంత... ఏండ్ల తరబడి ఒక్కో ముక్కా ఏరి, రంగుకు రంగు చూసి, కళ్ళు మంటలు పుట్టేలా కుట్టుకుంటూ వచ్చిన బొంత...

మొగుడు ఓబులేష్ ఆ బొంత అంచుతోనే దూడ మూతి తుడుస్తున్నాడు.

"గోతాలు యాడికి పోయినాయి?" అంది హొన్నూరమ్మ. గొంతు ఆమెకే వినపడనంత మెల్లగా ఉంది.

ఓబులేష్ తలెత్తలేదు. "చేతికి ఏది దొరికితే అది తెచ్చినా. దూడ చలికి బిగుసుకపోతాంటే గోతాలు వెతుక్కుంటా కూచోమంటావా?"

గోతాలు ఆయన తల పక్కనే, మేకుకు వేలాడుతున్నాయి. బొంత ఉన్నది ఇంటి లోపల, వడ్లగాదె వెనకాల, పాత చీరలో చుట్టి. చేతికి దొరికేది ఏదో, వెతికి తెచ్చేది ఏదో ఆమెకు తెలియదా!

వేన్నీళ్ళ కుండ పట్టుకుని వచ్చిన అత్త మారెక్క కోడలి ముఖం చూసి మూతి తిప్పింది. "ఎనుము ఈనిందని సంబరపడేటోళ్ళను చూసినా గానీ, గుడ్డపీలికల కోసం కండ్లనీళ్ళు పెట్టుకునేదాన్ని యాడా చూడలేదమ్మా. చినిగిన గుడ్డలే కదా, మళ్ళా చింపితే వస్తాయి."

హొన్నూరమ్మ ఆ ముద్ద వైపే చూసింది. ఏం చెప్పాలి? పామిడిలో నైటీలు కుట్టే షెడ్డుకు పనికి పోయే రూతు, కత్తిరించగా మిగిలిన ముక్కలను మూట కట్టి బస్సులో తెచ్చి ఇస్తే, వాటితో ఈ బొంత మీద ఏమేమి నిలబెట్టిందో ఈ ఇంట్లో ఎవరు చూశారు కనుక! ఎర్రనేల ఉంది అందులో. ఎండిన చెనిక్కాయ చేను ఉంది. కొండ మీద తెల్లగా తిరిగే గాలిమరలు ఉన్నాయి. ఒక మూల నీలంచీర కట్టుకుని దేనివైపో చూస్తూ నిలబడ్డ ఆడమనిషి ఉంది. ఆ మనిషికి ముఖం కుట్టడం ఒక్కటే మిగిలింది. ఎలాంటి ముఖం పెట్టాలో తేలక ఇన్నాళ్ళూ ఆపుకుంది...

అది కుట్టడానికి ఆమె ఏ పనీ ఎగ్గొట్టింది లేదు. కోడికూతకు లేచి పేడకళ్ళెత్తి, పాలు పిండి, కేంద్రానికి పోసి, బోరు దగ్గర నీళ్ళు మోసి, గడ్డి కోసి, మళ్ళీ సాయంత్రం పాలు. నడుమ మిట్టమధ్యాహ్నం గొడ్లు నీడలో పడుకుని నెమరేసే పొద్దు ఒకటి ఉంది. ఆ పొద్దు ఆమెది. ఎవరూ ఇచ్చింది కాదు, ఆమే ఇంతింత మిగుల్చుకున్నది. పనిలేని పొద్దు కాబట్టి ఎవరి కంటా పడలేదు, అంతే.

ఇప్పుడు దాని మీదా ఓబులేష్ కన్ను పడింది.

"చూడు హొన్నూరీ, ఇంగ చాలు ఈ కుట్టుడు," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "కదిరి సంతలో ఇంకో ఎనుమును చూసి పెట్టినా. అది వస్తే మధ్యాన్నం పూట గూడా గడ్డికి పోవల్ల నువ్వు. పాడి పెట్టుకున్న ఇంట్లో ఆడది గుడ్డబొమ్మలు ఆడుకుంటా కూచుంటే ఎట్ల జరుగుతాది?"

హొన్నూరమ్మ బొంతను దూడ మీదే వదిలేసి లోపలికి పోయింది.

దూడ నిలబడలేదు. చన్ను నోట్లో పెడితే పట్టుకోలేదు. మధ్యాహ్నానికి మెడ వాల్చేసింది.

ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు చచ్చిన దూడ పొద్దుగూకే దాకా ఇంట్లో ఉంటే మిగిలిన గొడ్లకు కీడని మారెక్క పట్టుబట్టింది. ఆమె మాట ఈ ఇంట్లో ఎన్నడూ కింద పడింది లేదు. ఓబులేష్ గబగబా దూడను ఎత్తుకుపోయి చేను గట్టున గుంత తీసి, కుక్కలు తవ్వకుండా ఉప్పు చల్లి, ముళ్ళకంప కప్పి వచ్చాడు. వచ్చి పాలచెంబు పట్టుకుని ఎనుము కింద కూర్చున్నాక గానీ, తల్లీకొడుకులిద్దరికీ తాము చేసిన పని తెలిసిరాలేదు.

ఎనుము చేపలేదు, పాలు దించలేదు. పొదుగు రాయిలా బిగుసుకుని ఉంది. చేయి వేస్తే తన్నింది. దూడ చస్తే ఆ తోలు వలిచి, గడ్డి కూరి, తల్లి ముందర నిలబెట్టాలి. తల్లి దాన్ని వాసన చూసి, నాకి, అప్పుడు పాలు వదులుతుంది. గొడ్లు కాసేవాళ్ళ ఇంట పుట్టిన మారెక్కకు తెలియని సంగతి కాదది. కీడు భయంతో తోలుతో సహా పూడ్పించేసింది; పూడ్చినదాన్ని అమావాస్య పూట మళ్ళీ తవ్వి తెచ్చేది లేదు!

"రేపు తెల్లారేతలికి పొదుగు వాస్తాది," అన్నాడు ఓబులేష్, ముఖం పాలిపోయి. "పామిడికి పోయి పాలు దిగే సూదిమందు తెస్తా."

"సూదేసి పిండుకుంటే అది మళ్ళా చూడు కట్టదు," అంది హొన్నూరమ్మ వంటింటి వాకిట్లోంచి.

ఓబులేష్ ఆమెవైపు తిరిగాడు. ఏదో తట్టినట్టు కళ్ళు మెరిశాయి. "నువ్వు బొమ్మలు కుట్టేదానివే కదా! ఒక దూడబొమ్మ కుట్టు. ఇన్నేండ్లు కుట్టిందానికి ఒక్కసారన్నా ఇంటికి పనికొచ్చిందనిపించుకో."

"కుట్టను."

"ఏమంటివి?"

"కుట్టనంటాండా. తెల్లారి నా బొంతను పేడలో తొక్కి, ఇంగ కుట్టొద్దని చెప్పిన నోటితోనే ఇప్పుడు కుట్టమంటాండావు. నీ చెయ్యి ఎట్లంటే అట్ల తిరిగేదానికి నా సూది ఏమన్నా నీ కాడెద్దా?"

పెండ్లయిన ఇన్నేండ్లలో ఆమె నోట అంత మాట రాలేదు. ఓబులేష్ తల్లివైపు చూశాడు. మారెక్క నేలవైపు చూసింది. ఆయన చెంబును గోడకేసి కొట్టి బయటికి పోయాడు.

కొట్టంలో ఎనుము అరిచింది. ఆకలి అరుపు కాదది. దూడ పడుకున్న చోట నేలను నాకుతోంది, తలెత్తి వాకిలివైపు చూస్తోంది, మళ్ళీ నాకుతోంది. పొదుగు సలుపుకు నిలబడలేక కాలు మార్చి కాలు వేస్తోంది...

హొన్నూరమ్మ చేతులు తెలియకుండానే రొమ్ముల మీదికి పోయాయి. ఆ సలుపు ఆమెకు తెలుసు. కూతురు భారతి కంటే ముందు ఒక మగబిడ్డ పుట్టాడు. ఏడవకుండానే పుట్టాడు. ఆమెకు చూపించకుండానే ఎత్తుకుపోయారు. చూస్తే మనసు పెట్టుకుంటుందని అత్త వాకిలి మూసింది. బిడ్డ పోయాడు గానీ పాలు ఆగలేదు. రవికె తడిసిపోతుంటే అత్త బిగించి గుడ్డ కట్టి, లేచి పనిలో పడితే అదే తగ్గుతుందంది. పని చేసింది. ఏ పని చేసినా చేతులు మాత్రం ఖాళీగానే ఉన్నట్టుండేవి. ఆ ఖాళీ చేతుల్లోకి మొదటిసారి సూది వచ్చింది అప్పుడే. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆమె లేచింది. కొట్టంలో మూలకు నెట్టేసిన బొంతను తీసింది. ఉతికితే ఇంకా బాగుపడుతుంది. నాలుగైదు నీళ్ళు పోసి ఎండలో ఆరేస్తే, మరకలున్నా బొంత బొంతలాగే మిగులుతుంది. కానీ ఈ లోకంలో ఆ దూడ వాసన మిగిలింది ఈ ఒక్క గుడ్డ మీదే. ఉతికితే బొంత దక్కుతుంది... ఉతక్కపోతే ఎనుముకు దూడ దక్కుతుంది.

కత్తెర తెచ్చుకుని ఎనుము పక్కనే కూర్చుంది. ఎర్రనేలను నిలువునా కోసింది. గాలిమరలను కోసింది. తడిసిన వైపు పైకి వచ్చేలా మడిచి, నడుము కుట్టి, మెడ కుట్టి, వేపపుల్లలు పెట్టి కాళ్ళు నిలబెట్టింది. నీలంచీర ఆడమనిషి వంతు వచ్చినప్పుడు ఒక్క గడియ చేయి ఆగింది. తర్వాత ఆ ముక్క కూడా దూడ డొక్కకు సరిపోయింది. కన్నీళ్ళు సూది మీద పడుతున్నా తుడుచుకోలేదు.

ఎప్పుడొచ్చిందో మారెక్క, ఎదురుగా కూర్చుని గడ్డి అందిస్తోంది.

"నాకు చేసినట్టే దానికీ చేసినావత్తా," అంది హొన్నూరమ్మ, తలెత్తకుండా. "బిడ్డను కండ్లజూడనీకుండా ఎత్తకపోయినావు. దానికి నోరు ఉండాది, అరుస్తాండాది. నేను అరవలే, అంతే."

మారెక్క చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. దారం తీసుకుని చివర నోటితో తడిపి, కళ్ళు చికిలించుకుంటూ సూదికి ఎక్కించాలని చూసింది. ఎక్కలేదు. మళ్ళీ చూసింది. కోడలు సూదిని ఆమె చేతిలోంచి లాక్కోలేదు. ఎక్కేదాకా చూస్తూ కూర్చుంది...

పొద్దు వాలుతుండగా గుడ్డదూడ ఎనుము ముందర నిలబడింది. ఎనుము మొదట బెదిరి వెనక్కి తగ్గింది. తర్వాత ముక్కు చాచింది. వాసన చూసింది. గొంతులో ఎక్కడో లోపల సన్నగా ఒక పలుకు పలికి, గరుకు నాలుకతో దూడ వీపు నాకడం మొదలుపెట్టింది. నాకింది, నాకింది... పొదుగు మెత్తబడింది. హొన్నూరమ్మ పిండుతుంటే చిక్కటి పసుపు పాలు చెంబులో పడ్డాయి.

అప్పుడే లోపలికి వచ్చిన ఓబులేష్ నిలబడి చూశాడు. ముఖం విప్పారింది. వాకిట్లోకి పోయి ఫోన్లో ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. "చూస్తివా! పనికొస్తాదని నేను చెప్పలే? ఒక్కపూటలో కుట్టి పారేసినావు! నల్లప్ప ఇంట్లో గూడా ఆవుదూడ పోయిందంట. ఫోన్ చేసి చెప్పినా, రేపు మధ్యాన్నం నా పెండ్లాం వచ్చి కుట్టిస్తాదని. ఇట్లాంటి పనికైతే కుట్టుకో హొన్నూరీ, నేను వద్దంటానా?"

హొన్నూరమ్మ చెంబు కింద పెట్టి లేచింది.

"నల్లప్పకు మళ్ళా ఫోన్ చేసి రాదని చెప్పు."

"అదేంది, మాటిచ్చినా!"

"మాట నీది. చెయ్యి నాది. వాళ్ళ ఆవు మీద జాలి పుడితే నేనే పోయి కుట్టిస్తా. నువ్వు పంపితే పోను. ఈ దూడను నీకు పనికొస్తానని చూపేకి కుట్టలే. అది తల్లి కాబట్టి కుట్టినా. బొంత నా కోసం కుట్టుకున్నా. దేనికీ పనికిరాకపోయినా కుట్టుకుంటా. గొడ్లు నెమరేసే పొద్దు నాది. ఇంకో ఎనుము కావల్లంటే తోలుకొచ్చుకో, దాని మధ్యాన్నం గడ్డి నువ్వే కొయ్యి."

"మా అమ్మ ముందర ఇట్లాంటి మాటలు..." ఓబులేష్ గొంతు లేచింది. "అమ్మా, నువ్వన్నా చెప్పు దీనికి!"

మారెక్క నడుము పట్టుకుని లేచింది. కొడుకును చూడలేదు. పాలచెంబు ఎత్తుకుంది. "కొడవలి చూరులో ఉండాది," అంది. "పదును పెట్టుకోని పో నాయనా."

మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగిన రూతు, నెత్తిన మూటతో వచ్చింది. మామూలుగా అయితే మూట గాదె వెనక్కి పోయేది. ఆ రోజు హొన్నూరమ్మ దాన్ని పంచలో, వాకిలికి అడ్డంగా, నట్టనడుమ కుమ్మరించింది. పసుపు, పచ్చ, పూలవి, గీతలవి... పంచ నిండిపోయింది. రూతు నవ్వింది. "ఏమక్కా, ఈ పొద్దు ఊరందరికీ అంగడి పెట్టినావు?"

"చూసేటోళ్ళు చూడనీ. కూచో."

చిన్న మోపు గడ్డి నెత్తిన పెట్టుకుని, చెమటలు కక్కుతూ ఓబులేష్ వాకిట్లోకి వచ్చాడు. కొట్టంలోకి పోవాలంటే పంచ దాటాలి. కాలు పెట్టడానికి చోటు లేదు. ముక్కల వంక చూశాడు, పెండ్లాం వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు. హొన్నూరమ్మ సూది ఆపలేదు, ముక్క జరపలేదు.

"ఇంటి ఎనక నుంచి పో," అంది.

ఓబులేష్ మోపు సర్దుకుని, వెనక్కి తిరిగి, గోడ పక్కగా ఇంటిని చుట్టి పోయాడు.